ఆగని ప్రెస్సుకు తెర ఎందుకు?

పవర్ ప్రెస్‌లో వేళ్లు పోతే రాసే నివేదికలో, 'కారణం' అన్న గడిలో చాలాసార్లు కనిపించేది ఒకే మాట: కార్మికుడి అజాగ్రత్త. ఆ మాటతో యజమాని, మెషిన్ అమ్మినవాడు, డై గీసినవాడు అందరూ బయటపడిపోతారు. యంత్రాల ముప్పు అంచనాలో శిక్షణ అంటూ ఉంటే, అది ముందుగా ఆ మాటను కొట్టేసి మళ్లీ రాయడం నేర్పాలి. మన దగ్గర ఎక్కువగా నేర్పుతున్నది ఫారం నింపడం.

దెబ్బ తీవ్రతకు ఒక అంకె, జరిగే అవకాశానికి ఒక అంకె, రెండూ గుణించాలి. లబ్ధం ఎర్ర గడిలో పడితే రెండో అంకెను కాస్త తగ్గిస్తే సరి, పసుపు గడిలోకి వచ్చేస్తుంది. పక్కన 'గ్లౌజులు ఇచ్చాం, బోర్డు పెట్టాం' అని రాస్తే ఆడిట్ అయిపోయినట్టే. తిరిగే డ్రిల్ బిట్ దగ్గర గ్లౌజు రక్షణ కాదు, చేతిని లోపలికి లాగే కొక్కెం. ఆ సంగతి ఫారానికి తెలియదు.

ఐఎస్‌ఓ 12100 ప్రమాణం వరస స్పష్టంగానే చెబుతుంది. మన దేశంలో ఐఎస్ 16819గా ఉన్నదీ అదే. ముందు డిజైన్‌లోనే ముప్పు తీసెయ్యాలి. అది కుదరనిచోట గార్డు పెట్టాలి. అప్పటికీ మిగిలినదానికే హెచ్చరికలు, గ్లౌజులు. మన షెడ్లలో ఈ వరసను కింది నుంచి పైకి చదువుతారు.

పాత పిన్ క్లచ్ ప్రెస్సునే తీసుకుందాం. పెడల్ తొక్కగానే పిన్ను పడి, తిరుగుతున్న ఫ్లైవీల్‌తో షాఫ్టు జతకడుతుంది. ఇక ఒక చుట్టు పూర్తయ్యేదాకా, డై మీదికి దిగే ర్యామ్‌ను మధ్యలో ఆపే దారి లేదు. అలాంటి ప్రెస్సుకు లైట్ కర్టెన్, అంటే కాంతి కిరణాల తెర, బిగించి 'సేఫ్టీ పెట్టాం' అనుకునేవాళ్లున్నారు. చెయ్యి అడ్డొచ్చిందని తెర పసిగడుతుంది, కరెంటు కోస్తుంది, ర్యామ్ మాత్రం దిగుతూనే ఉంటుంది. సగంలో ఆగగల ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్సుకైనా తెర ఎంత దూరంలో ఉండాలో లెక్క కట్టాల్సిందే. చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళ్లగలదు. ప్రెస్సు ఆగడానికి సెకనులో ఐదో వంతు పట్టినా, ఆలోపు చెయ్యి 40 సెంటీమీటర్లు లోపలికి పోతుంది. డైకి జానెడు దూరంలో బిగించిన తెర అలంకారమే. పిన్ క్లచ్ ప్రెస్సుకు పనికొచ్చేది, రేకు మాత్రమే దూరేంత సందు వదిలి డై చుట్టూ కట్టే కంచె. ఖర్చు తక్కువే. కానీ ఆ తేడా తెలియాలంటే అంకెల గుణకారం చాలదు, క్లచ్ విప్పి చూపించాలి.

ఇంకో సంగతి. చాలా ఫారాలు ఊహించుకునేది సాఫీగా నడుస్తున్న మెషిన్‌ను. చేతులు లోపలికి పోయేది రేకు ఇరుక్కున్నప్పుడు, డై మార్చేటప్పుడు, తుడిచేటప్పుడు. రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదానికి టేపు చుట్టేశారంటే అది కుర్రాడి కొవ్వు కాదు. పీస్ రేటుకు ఆ రెండో చెయ్యి కావాలి. పీస్ రేటు గురించి అడగని ముప్పు అంచనా నా దృష్టిలో సగమే.

చట్టం ఇక్కడ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్, ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సిన పరిమితిని 1,000 మంది కార్మికుల నుంచి 500కు దించింది. మంచిదే. అదే కోడ్ కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ నిర్వచనాన్ని 10 మంది నుంచి 20కి పెంచింది. నాలుగు ప్రెస్సులు, పన్నెండు మంది మనుషులున్న షెడ్డు ఆ నిర్వచనంలోకే రాదు. బాలానగర్, జీడిమెట్ల, గాజువాక ఆటోనగర్‌లలో అలాంటి షెడ్డు కోసం వెతకాల్సిన పని లేదు. సర్టిఫికెట్ కోర్సులేమో సేఫ్టీ ఆఫీసర్ ఉన్న పెద్ద కంపెనీల వాళ్ల కోసమే నడుస్తాయి.

కాబట్టి శిక్షణ చోటు మారాలి. బాలానగర్‌లోనే 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది. డై గీయడం నేర్చుకునే కుర్రాడికి, ఆ డైకి గార్డు గీయకుండా డ్రాయింగ్ పూర్తి కాదని అలాంటి చోటే అలవాటు చెయ్యొచ్చు. మిగతా పాఠం షెడ్డులో, నైట్ షిఫ్టులో, మెషిన్ ఆపి చెప్పాలి. ఫారం తర్వాత తియ్యొచ్చు. ముందు హెల్పర్‌ను అడగాలి: రోజుకు ఎన్నిసార్లు లోపల చెయ్యి పెడతావు, ఎందుకు పెట్టాల్సి వస్తోంది?