అర మిల్లీమీటరు ఎటు పోవాలి?

కర్నూలు, కడప జిల్లాల మెట్ట సేద్యంలో వాన లెక్క దశాంశాలలోనే సాగుతుంది. భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం 24 గంటలలో 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే అది వర్షపు దినం. ఈ హద్దు సరిగ్గా రెండు పూర్ణాంకాల నడుమ ఉంది. దానిని పూర్ణాంకానికి సవరించమంటే ఎక్సెల్ 3 అంటుంది. ఆర్, పైథాన్ 3 మాత్రం 2 అంటాయి. ఏదీ తప్పు చేయడం లేదు.

ఎక్సెల్‌ది బడిలో నేర్పిన పద్ధతి: సగం వస్తే పైకి. రెండవది దగ్గరి సరి సంఖ్యకు సవరించే పద్ధతి, 1.5 గాని 2.5 గాని అందులో 2 అవుతుంది. కంప్యూటర్ అంకగణితానికి 1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణం దీనినే స్వీకరించింది. మన దేశంలో 1960 నాటి ఐఎస్ 2 అంతకు ముందే ఈ మాట చెప్పింది. 0.5, 1.5, 2.5, 3.5ల మొత్తం 8. అన్నింటినీ పైకి సవరిస్తే 10, సరి సంఖ్యకు సవరిస్తే 8.

అయితే సగాలు సరి, బేసి సంఖ్యల పక్కన ఇంచుమించు సమానంగా వస్తేనే ఈ లెక్క కుదురుతుంది. రాయలసీమ వాన అలా పడదు. చిన్న దొప్ప నిండి ఒరిగిన ప్రతిసారీ 0.5 మి.మీ. నమోదు చేసే వర్షమాపకం ఉన్నచోట సగాలు అరుదు కావు. పైగా చిరుజల్లులే ఎక్కువ. 0.5 ప్రతిసారీ సున్నా అవుతుంది. ఆ లోటు పూడ్చవలసిన 1.5 మి.మీ. జల్లులు అన్నిసార్లు పడవు. పైకి సవరించే పద్ధతీ నిర్దోషి కాదు, లేని వానను మొత్తంలో చేరుస్తుంది.

అసలు నష్టం బెట్ట లెక్కలో కనిపిస్తుంది. పత్తికొండ ఎర్రనేలల్లో వేరుశనగకు 12 రోజుల బెట్ట, ఒకనాడు 2.5 మి.మీ. వాన, మళ్ళీ 12 రోజుల బెట్ట వచ్చిందనుకుంటే, ముందే సవరించిన పట్టికలో ఆ వాన 2గా మారి వర్షపు దినం మాయమవుతుంది. రెండు బెట్టలు కలిసి 25 రోజుల ఒకే బెట్ట అవుతాయి. ఒకే నమోదు నుండి ఇద్దరు విద్యార్థులు రెండు ముగింపులకు రావడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

అందుచేత కొలపాత్ర చూపిన అంకెనే 2.5తో పోల్చాలి, సవరణ చివరి పట్టికలో ఒక్కసారే జరగాలి. మధ్య మెట్లలో సవరించే అలవాటు పరిశోధన వ్యాసాలలో ఇంకా పోలేదు.

పద్ధతుల విభాగంలో సాఫ్ట్‌వేర్ పేరొక్కటే రాస్తే చాలదు, వెర్షన్ కూడా కావాలి. పైథాన్ 2 ఇదే 2.5ను 3 చేసేది. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ దిగుబడి హెక్టారుకు 2.675 టన్నులని వస్తే, రెండు దశాంశాలకు సవరించినప్పుడు రెండు నియమాల ప్రకారమూ 2.68 రావాలి. పైథాన్ 2.67 ఇస్తుంది. 2.675ను ద్విసంఖ్యామానంలో కచ్చితంగా రాయలేక యంత్రం దానికి అతి స్వల్పంగా తక్కువైన విలువను దాచుకుంటుంది. యంత్రం దృష్టిలో అది సగమే కాదు.