తూకమును నడుమును

ఎద్దును కొనబోవు రైతెవ్వడును దాని తూకమును మాత్రము తెలిసికొని బయానా ఇయ్యడు. మూపుమీద చేయివేయును, ప్రక్కటెముకలను తడవును, తోకమొదట నున్నది కండయో క్రొవ్వో పరీక్షించును. పశువైద్యులు ఈ యనుభవమునే ఒకటి మొదలు ఐదువరకు గల అంకెలలో గణింతురు. ఆ శాస్త్రమును బోధించు కళాశాల మన గరివిడిలోనే యున్నది. పశువుల విషయమున నింత మెలకువ గల మనము, స్వదేహముల విషయమున ఒక్క యంకెతో తృప్తి చెందుట మాకు వింతగా నున్నది.

ఆ యంకెయే బాడీ మాస్ ఇండెక్సు, అనగా శరీర ద్రవ్యరాశి సూచిక. లెక్క సులభము. కిలోల బరువును మీటర్ల యెత్తుచే రెండుమారులు భాగింపవలయును. 165 సెంటీమీటర్ల యెత్తును 63 కిలోల బరువును గల గృహస్థునకు 23 పైచిల్లర వచ్చును. బెల్జియము దేశీయుడగు కెట్లే యను ఖగోళ గణితవేత్త 1830 దశకమున జనసమూహముల సగటు కొలతలను వెదకుచు ఈ సంబంధమును కనిపెట్టెను. రోగిని పరీక్షించుట ఆయన యుద్దేశము కాదు. నేటి పేరు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ పెట్టినది. ఆయన పరిశీలించినవారందరును పురుషులే.

త్రాసునకు కండయు క్రొవ్వును ఒక్కటియే. వీరఘట్టమున జన్మించి విజయనగరమున పెరిగిన కోడి రామమూర్తి నాయుడు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిన మహాబలుడు. అట్టి మల్లుని తూచి ఈ భాగహారము చేసినచో, స్థూలకాయుల జాబితాలో చేరినను ఆశ్చర్యము లేదు. అయినను మల్లుల సంఖ్య స్వల్పము. ఈ యంకె మనలో నధికులను మోసగించు విధము దీనికి విపరీతము: అది లేని యారోగ్యమును ఉన్నట్లు చూపును.

పూనా వైద్యుడగు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడగు జాన్ యుడ్కిన్ తమ యిరువుర కొలతలనే 2004లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. ఇద్దరి సూచికయు 22.3. కాని క్రొవ్వు యుడ్కిన్ దేహమున నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్ దేహమున 21.2 పాళ్లు! మనవారి కాలుసేతులు సన్నముగా నున్నను క్రొవ్వు కడుపులో పేరుకొనును. అవయవములను చుట్టుకొనిన ఆ క్రొవ్వే మధుమేహమునకును హృద్రోగమునకును త్రోవ తీయును. కనుకనే 25 దాటువరకు భయము లేదను పాశ్చాత్యుల హద్దు మనకు సరిపడదు. ఆసియావాసులు 23 నుండియే జాగరూకులై యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 2004లో సూచించిరి. మన దేశపు వైద్యనిపుణులు 2009లో 23 నుండి అధికభారమనియు 25 నుండి స్థూలకాయమనియు నిర్ణయించిరి. బొజ్జను ఐశ్వర్యలక్షణముగా నెంచి మురియు మన గృహస్థులు ఈ మాటను ఒకింత మనసున బెట్టుదురుగాక.

ఇది కలవారి వ్యాధి యని మాత్రమే తలచి ఊరకుండరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో నూటికి 36.3 మంది 25వ హద్దును చేరినవారు, 14.8 మంది 18.5కు లోపడినవారు. ఒకే రాష్ట్రమున, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో, రెండు విపత్తులును కలవు. నూటయేబది సెంటీమీటర్ల యెత్తును 40 కిలోల బరువును గల నాటుకూలి సూచిక 17.8. ‘కష్టజీవి యొళ్లు, సన్నముగానే యుండును’ అని కళ్లము గట్టున కూర్చుండి చెప్పు ఆసామి మాట శాస్త్రము కాదు. అది ఆకలి. చోడంబలి త్రాగి పగలంతయు వంగి నాటు వేసినవారికి పప్పు, పాలు, గ్రుడ్డు కూడ కావలయును. కూలిరేటు నిర్ణయించు నాడు ఇది జ్ఞాపకమున నుండవలసిన విషయము.

కాబట్టి సూచికను పారవేయుమని మేము చెప్పుట లేదు. జనుల స్థితిగతులు తెలిసికొనుటకు ఇంత చౌకయగు సాధనము వేరొకటి లేదు. వ్యక్తికి మాత్రము అది తొలి ప్రశ్నయే గాని తీర్పు కాదు. ఆరోగ్య శిబిరములలో తూకపుయంత్రము ప్రక్కన టేపు నుంచవలెను. కడపటి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడిమి భాగమున, ఊపిరి విడిచిన తరువాత కొలిచిన నడుము పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లకు మించినచో, సూచిక 22 అయినను రక్తములోని చక్కెరను, రక్తపుపోటును పరీక్షింపవలయును. 23 హద్దును ముద్రించిన పట్టికలనే గోడలకు వ్రేలాడదీయవలయును.

గర్భవతులకు ఈ లెక్క వర్తింపదు. పిల్లలకు వయస్సును బట్టి, ఆడ మగ భేదమును బట్టి వేరు పట్టికలు గలవు. ఎదుగు పిల్లవానికి పెద్దల హద్దులు చూపి బక్కవాడనియో బండవాడనియో బడిలో పేరు పెట్టుట అన్యాయము. పాఠశాలలలో పిల్లలను తూచు ఉపాధ్యాయులకు ఆ పట్టికలను వెంటనే అందజేయవలసినదిగా జిల్లా యధికారులను కోరుచున్నాము.