చూపించే ముందు చూడండి

ఆర్మూరు చుట్టుపక్కల పండిన పసుపు నిజామాబాద్ యార్డుకు చేరాక, కొమ్ము విరిచి లోపలి రంగు చూడకుండా ధర పలికే వ్యాపారి ఉండడు. భార్యను కొట్టి కోర్టుకెక్కిన మొగుడు "నా బిడ్డను నాకు చూపించాలె" అన్నప్పుడు మాత్రం మన పెద్దమనుషులకు ఆ పాటి పరీక్ష కూడా అక్కర్లేదు. ఆదివారం పొద్దున బస్టాండు కాడ అప్పజెప్పు, పొద్దుగూకే యాళ్లకు తెచ్చుకో. పంచాయితీ అయిపోయింది, చాయ్ తాగి లేస్తారు.

ఆ బస్టాండు దగ్గర ఏం జరుగుతుందో ఎవరైనా ఆలోచించారా? గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద, ఆమెను కలవొద్దు, ఫోను చేయొద్దు అని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పిల్లను చూసుకోవడం పేరుతో అదే మనిషి వారం వారం ఆమె ఎదుటికొచ్చి నిలబడతాడు. "కేసు వాపసు తీసుకో, లేకుంటే దీన్ని పంపను" అని పిల్ల చెయ్యి పట్టుకుని బెదిరించడానికి అంతకన్నా అనువైన చోటేముంది? బీడీలు చుట్టి బతికే తల్లి అక్కడ నోరెత్తలేదు. ఎత్తితే లొల్లి పెట్టింది ఆమేనని మళ్లీ పంచాయితీ.

"పెండ్లాన్ని కొట్టిండు గానీ పిల్లను కొట్టలే కదా" అంటారు. తలుపు వెనక నక్కి అంతా విన్న పిల్లకు దెబ్బ తగల్లేదని మీకెవరు చెప్పారు?

చట్టం గుడ్డిదైతే నాకింత కోపం ఉండేది కాదు. 2005 నాటి ఆ గృహహింస చట్టమే 21వ సెక్షన్‌లో, తండ్రి రాకపోకలు బిడ్డకు హాని చేయవచ్చని మేజిస్ట్రేటుకు అనిపిస్తే వాటిని నిరాకరించి తీరాలంది. హాని జరిగేదాకా ఆగనక్కర్లేదు. 26వ సెక్షన్ పుణ్యమా అని ఇదే ఉపశమనాన్ని ఫ్యామిలీ కోర్టులోనూ అడగొచ్చు. అడిగేదెవరు? గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమేమో 1890 నాటిది, పిల్లను ఎప్పుడు, ఎట్లా చూపించాలో చెప్పే నియమాలు అందులో లేవు. లా కమిషన్ 2015లో 257వ నివేదికగా ఆ నియమాలు రాసిచ్చింది. పార్లమెంటు వాటిని చట్టం చేయలేదు.

స్పెయిన్‌లో ఆంజెలా గొంజాలెజ్ కరేన్యో అనే తల్లి మొగుడి మీద ముప్పైకి పైగా ఫిర్యాదులు చేసింది. కోర్టు అతన్ని కాపలా లేకుండానే కూతురితో గడపనిచ్చింది. 2003లో అలా కలిసిన ఒక రోజునే ఏడేళ్ల ఆండ్రియాను చంపి తానూ చచ్చాడు. ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ స్పెయిన్‌ను తప్పుపట్టేసరికి 2014 వచ్చింది. ఆర్మూరులో స్పెయిన్ గొడవ ఎందుకంటారా? తండ్రి హక్కు ముందు, బిడ్డ ప్రాణం తర్వాత అనే లెక్క అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే కాబట్టి.

దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, బిడ్డ ముఖం చూడకుండానే తిరిగి విమానమెక్కే తండ్రులూ ఈ ప్రాంతంలో ఉన్నారు. కసి కొద్దీ పిల్లను దాచే తల్లిది తప్పే. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరి ప్రేమా పొందే హక్కు బిడ్డకుందని చెప్పింది, వీడియో కాల్ దారీ చూపింది. ఒప్పుకుంటాను. అయితే అది బిడ్డ హక్కు, తండ్రికి రావాల్సిన బాకీ కాదు. మంచి తండ్రికైనా బస్టాండు కన్నా కోర్టు గది నయం. రేపు అబద్ధపు నింద పడితే చూసినవాళ్లుంటారు.

అడుగుతున్నది ఆర్మూరు కోర్టు ఆవరణలో ఒక్క గది. తల్లికో తలుపు, తండ్రికో తలుపు, ఇద్దరి రాకకూ అరగంట ఎడం, లోపల ఒక కౌన్సెలర్. పసుపు బోర్డు కోసం ఈ జిల్లా ఏళ్ల తరబడి కొట్లాడి 2025 జనవరిలో తెచ్చుకుంది. ఈ గది కోసం ఒక్క ధర్నా నేను చూడలేదు.

అది వచ్చేదాకా, పంచాయితీలు చేసే గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలకు ఒక పని చెబుతాను. మీరు రాయించే స్టాంపు పేపరు మీద తల్లితో, తండ్రితో సంతకాలు పెట్టిస్తారు కదా. పిల్ల తిరిగి రాకపోతే బాధ్యత మాదేనని ఆ కిందే రాసి, మీరూ పెట్టండి.