ఆయిల్ మార్చడానికి ఘాట్ దాటాలా?

ఛత్తీస్‌గఢ్‌లోని తోంగ్‌పాల్‌లో కారున్నవాడు ఇంజన్ ఆయిల్ మార్పించాలంటే 30వ నంబరు జాతీయ రహదారిపై దర్భా ఘాట్ దాటి జగదల్‌పూర్ షోరూముకు పోవాలా? ఊళ్లోని షెడ్డులో చేయిస్తే వారంటీ పోతుందన్నది అందరికీ ఉన్న భయం. పాత నూనె వంచి, ఫిల్టర్ మార్చి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు నూనె కొలిచి పోయడమే ఆ పని. గ్రేడు తప్పితే ఇంజన్‌కు చేటే, కాదనను. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేస్తూ ఆ వారంటీ భయానికి మూలాన్నే తప్పుబట్టింది: బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దనే షరతు కుదరదు, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చు. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి, అది వేరే కథ.

నకిలీ నూనెల మాటేమిటని షోరూములు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. సీలున్న డబ్బా కొని, ఎదుట నిలబడి పోయించుకుని, బిల్లుపై కిలోమీటర్లు రాయించుకుంటే దానికి చాలావరకు జవాబు దొరుకుతుంది. ఉచిత సర్వీసులున్నన్నాళ్లు షోరూముకే వెళ్లండి, తప్పులేదు. ఆ తర్వాత కూడా ఒక్క ఆయిల్ కోసం ఘాట్ ఎక్కి దిగమనడం మాత్రం కొనుగోలుదారుడి డీజిలుతో కంపెనీ చేసే వ్యాపారం. షెడ్డు మెకానిక్‌కు సర్వీస్ సమాచారం, అసలు ఫిల్టర్లు అందనివ్వకుండా అతని పని నాసిరకమనడం ఇంకా విడ్డూరం.