వీడియో పాఠమున విడువదగిన దేది?

2020వ సంవత్సరమున పాఠశాలలు మూతవడి బోధన తెరలమీదికి ఎక్కినది మొదలు హెచ్.డి. యను మాట పిల్లల నోటను పెద్దల నోటను నానుచున్నది. బొమ్మ యెంత నిర్మలముగా నుండిన పాఠ మంత శ్రేష్ఠమని పలువురి తలంపు. నే నీ తలంపుతో నేకీభవింపజాలను.

లెక్క చూడుడు. 1280 చుక్కల వెడల్పును 720 చుక్కల యెత్తును గల హెచ్.డి. చిత్రమున 9,21,600 చుక్కలుండును. చుక్కకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 30 చిత్రములు పంపవలెనన్న సెకనుకు 66 కోట్ల బిట్లగును. మన యిండ్లలోని సామాన్యపు నెట్‌వర్కు ఇంత బరువు మోయజాలదు. గోడ కదలదు, నల్లబల్ల కదలదు. ఉపాధ్యాయుని చేయియు పెదవులును మాత్రమే కదలును. కావున యంత్రము ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును గల భేదమునే పంపును. 2003లో వెలువడిన హెచ్.264 అను పద్ధతిచే నా భారము సుమారు 20 లక్షల బిట్లకు దిగును.

అంతటితో కష్టము తీరలేదు. నెట్‌వర్కు నలుగురు నడచు బాట. ఒక నిమిషమున విశాలము, మఱు నిమిషమున ఇఱుకు. అందుచేత అందుకొను యంత్రము తనకు చేరనివెన్నియో, ఆలస్యముగా చేరినవెన్నియో పంపు యంత్రమునకు తెలుపుచుండును. దానినిబట్టి అది బరువు తగ్గించును. 2007లో ఆ హెచ్.264 పద్ధతికే పొరల యేర్పాటు చేర్చిరి. అడుగుపొర అందఱికిని పోవును. పైపొరలు మోయగల బాటలకే పోవును. ఒక పిల్లవాని బాట యిఱుకైనంత మాత్రమున తరగతి కంతకును మసక పట్టనక్కఱలేదు. ఇది మిక్కిలి ప్రశంసింపదగిన యేర్పాటు.

అయినను బాట యిఱుకైనపుడు ఏదో యొకటి విడువక తప్పదు. సినిమావలె కొంత నిలువచేసికొని చూపుదమన్న, ప్రశ్నకును ఉత్తరమునకును నడుమ ఎడము పెరిగి సంభాషణము చెడును. స్ఫుటత్వమును విడుచుటయా, చిత్రముల సంఖ్యను విడుచుటయా? దీనిని యంత్రమునకే వదలుట నాకు సమ్మతము కాదు; పాఠమేదియో యంత్ర మెఱుగదు. నల్లబల్లమీది తెలుగు పాఠమునకు సెకనుకు ఐదు చిత్రములైనను చాలును గాని అక్షరము స్పష్టముగా నుండవలెను. థకారమునకును ధకారమునకును భేదము నడిమి చుక్కయే గదా! (ఇప్పటికే ‘కధ’ యని వ్రాయువారు మన తరగతులలో తక్కువగా లేరు.) చెవిటి పిల్లలకు చేతి సైగలతో చెప్పు పాఠమున మాత్రము చలనమే భాష, అచ్చట బొమ్మ కొంత మసకైనను చిత్రములు తెగరాదు.

తలిదండ్రులకొక మాట. సెకనుకు 20 లక్షల బిట్ల చొప్పున గంట పాఠమునకు 900 ఎం.బి. ఖర్చగును. రోజునకు ఒకటిన్నర జి.బి.తో సరిపెట్టుకొను ఇంట రెండవ పాఠము ముగియకమునుపే అది యయిపోవును. ఇద్దఱు పిల్లలున్నచో ఎవరి పాఠ మాగవలెనో మీరే యెన్నుకొనవలసి వచ్చును. కంఠధ్వనికో, సెకనుకు 40 వేల బిట్లు చాలును. గంటకు 18 ఎం.బి. మాత్రమే.

కావున వానలకు బడి మూసి తెరపై పాఠము చెప్పవలసి వచ్చినపుడు మొదట కంఠమును, పిదప నల్లబల్లను కాపాడుకొని, ఉపాధ్యాయుని ముఖమును కడపట లెక్కింపవలెనని తోడి ఉపాధ్యాయులకు నా మనవి. హెచ్.డి. మీటను ఆపివేయుటకు క్షణమైనను పట్టదు. నా ముఖము మసకగా కనబడినదని యే విద్యార్థియు ఇంతవరకు మొఱపెట్టలేదు.