ఆఖరి మూడు రోజులు



క్రిందటి నెల ఇంటి ఖర్చుల పుస్తకం గురించి వ్రాసిన తరువాత, పిల్లల చేతి ఖర్చుల గురించి కూడా నాలుగు మాటలు వ్రాయమని కొందరు తల్లులు అడిగారు. ఏమి వ్రాయాలా అని ఆలోచిస్తుండగా ఆ పని మా మేనల్లుడే తేలిక చేశాడు.

వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. పల్నాడులో మా చెల్లెలి ఊరు. సంక్రాంతి సెలవులలో పెదనాన్న చేలో మూడు రోజులు మిరపకాయలు కోశాడు. పెదనాన్న ఊరికే పంపకుండా 900 రూపాయలు చేతిలో పెట్టాడు. వాడి జీవితంలో మొదటి సంపాదన అది. తెచ్చి వాళ్ల అమ్మకిచ్చి, "నీ ఫోన్‌పేలో ఉంచు, నాకు కావాలి" అన్నాడట. ఎందుకురా అంటే ఫోనులో ఆట కోసమన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. "మీ మామయ్యనడుగు, ఆయన సరేనంటే నేనూ సరే" అని నా మీదికి తోసింది.

శుక్రవారం సాయంత్రం వచ్చాడు. "మామయ్యా, ఆదివారం రాత్రితో అయిపోతుంది. మళ్లీ రాదు" అని మొదలుపెట్టాడు. ఏది అయిపోతుందో చెప్పడానికి వాడికి పావుగంట పట్టింది. అర్థం చేసుకోవడానికి నాకు ఇంకో పావుగంట పట్టింది. మీలో చాలామంది ఇళ్లల్లోనూ ఈ ఆట ఉండే ఉంటుంది గనుక చెబుతాను.

ఆట పేరు ఫ్రీ ఫైర్ మ్యాక్స్. ఆడడానికి డబ్బు అక్కరలేదు. ఆటలో మన బొమ్మకు తొడిగే దుస్తులు, తుపాకీల మీది రంగులు, చేతి సైగలు వీటికి మాత్రం డబ్బు. ఆ డబ్బును ముందుగా డైమండ్లుగా మార్చుకోవాలి. మా వాడి ఫోనులో ఆ రోజు 100 డైమండ్లు 80 రూపాయలు, 310 డైమండ్లు 250, 1060 డైమండ్లు 800. వాడికి కావలసింది ఒక దుస్తుల జత. దానికి నేరుగా ధర లేదు. ఫేడెడ్ వీల్ అనే చక్రం తిప్పి గెలుచుకోవాలి.

"మొదటి తిప్పు తొమ్మిది డైమండ్లే మామయ్యా. ఎనిమిది రూపాయలు కూడా కాదు" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసినవాడిని. తొమ్మిది అనగానే తరువాతి అంకె అడిగాను. పంతొమ్మిది అన్నాడు. ఆ తరువాత? వాడికి కంఠస్థమే. 39, 69, 99, 149, 199, 499. పాత క్యాలెండరు చింపి వెనుక వైపు వాడి చేతనే వ్రాయించాను. చక్రంలో పది వస్తువులుంటాయట. అక్కరలేని రెండింటిని ముందే తీసేయవచ్చు. మిగిలినవి ఎనిమిది. ఒకసారి తగిలింది మళ్లీ తగలదు. కాబట్టి ఎనిమిది తిప్పులకు ఎనిమిదీ మనవే. ఇందులో మోసమేమీ లేదు, నిబంధనలు తెర మీదే వ్రాసి ఉన్నాయి. అయితే కోరుకున్న జత ఎన్నో తిప్పులో తగులుతుందో ఎవరూ చెప్పలేరు.

"కూడరా" అన్నాను. 1082 వచ్చింది. 1060 పొట్లం ఒకటి కొంటే చాలదు, 22 తక్కువ. దానికోసం మరో 100 పొట్లం కొనాలి. 800కు 80 కలిపితే 880 రూపాయలు. మూడు రోజుల మిరప కోతలో మిగిలేది ఇరవై రూపాయలు. వాడు పెన్ను పట్టుకుని కాసేపు ఆ అంకెనే చూశాడు.

ఇంకొక సంగతి వాడే కనిపెట్టాడు. మొదటి తిప్పు ఏడు రూపాయల పైచిల్లరే గాని, ఏడు రూపాయలకు డైమండ్లు అమ్మరు. 80 పెట్టి పొట్లం కొనవలసిందే. ఆ వందతో మూడు తిప్పులు తిప్పితే 67 అయిపోతాయి. నాలుగో తిప్పుకు 69 కావాలి, చేతిలో 33 ఉంటాయి. ఆ 33ను ఊరికే వదిలేయడం ఎవరికైనా కష్టమే, మళ్లీ పొట్లం కొనాలనిపిస్తుంది. ఏడు తిప్పులకు కలిపి 583 అయితే ఎనిమిదో తిప్పు ఒక్కదానికే 499. అక్కడి దాకా వెళ్లినవాడు వెనక్కి తిరగడు. ఈ అంకెలు పేర్చినవాడెవరో గాని మా పాఠశాలలో ఉండి ఉంటే లెక్కలకు మంచి ఉపాధ్యాయుడయ్యేవాడు.

"ముందే తగలొచ్చు కదా?" అన్నాడు. తగలవచ్చు, కాదనను. కాని కొనేముందు లెక్క వేసుకోవలసింది ఎనిమిదో తిప్పు దాకా అయ్యే మొత్తాన్ని. అంత పెట్టగలిగితేనే మొదటిది తిప్పాలి. మొదటి తిప్పు ధర చూసుకుని దిగితే లెక్క తప్పుతుంది. డబ్బు పెట్టి ఏమి వస్తుందో తెలియకుండా కొనే పెట్టెలను బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లో కొన్ని ఆటలలో పరిశీలించి, అవి తమ జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టం, డబ్బు పెట్టి డబ్బు గెలవాలనే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఈ చక్రంలో గెలిచేది డబ్బు కాదు, బొమ్మకు తొడిగే చొక్కా. కాబట్టి ఈ లెక్క ఇంట్లోనే చూసుకోవాలి.

ఇక ఆదివారం గడువు సంగతి.

ఉద్యోగంలో ఉన్న రోజులలో ప్రతి మంగళవారం బస్సులో విజయవాడ వెళ్లేవాడిని. ఒక బట్టల దుకాణం మీద 'ఆఖరి మూడు రోజులు' అని పెద్ద గుడ్డ కట్టి ఉండేది. ఏడాది పాటు చూశాను. వర్షాలకు వెలిసిపోతే మళ్లీ కొత్తది కట్టారు, అవే మాటలతో. ఫోనులోని గడియారం అంతకంటె గట్టిది, సెకన్లతో సహా వెనక్కి నడుస్తుంది. 2024 మే నెలలో నెదర్లాండ్స్ వినియోగదారుల సంస్థ, ఫోర్ట్‌నైట్ అనే ఆటను నడిపే ఎపిక్ గేమ్స్ కంపెనీకి 11,25,000 యూరోల జరిమానా వేసింది. ఆటలోని దుకాణంలో పిల్లలను 'ఇప్పుడే తీసుకో' అని తొందర పెట్టారని ఒక అభియోగం. గడియారం సున్నాకు చేరిన తరువాత కూడా కొన్ని వస్తువులు అమ్మకానికి ఉన్నాయన్నది మరొకటి. కంపెనీ దీనితో ఏకీభవించలేదు. ఆ కంపెనీయే 2024 ఆగస్టులో మరో మాట చెప్పింది. అప్పటి నుండి వచ్చే సీజన్ పాస్‌ల వస్తువులను, పాస్ ముగిసిన పద్దెనిమిది నెలల తరువాత దుకాణంలో మళ్లీ అమ్మవచ్చునని. అంటే 'ఇక ఎప్పటికీ రాదు' అన్నది అమ్మేవాడి చేతిలో ఉన్న మాట. నిలబెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. కొనేవాడి చేతిలో మాత్రం లేదు.

మా వాడి ఆట వేరు, కంపెనీ వేరు. ఆ దుస్తులు తిరిగి వస్తాయని నేను వాడికి మాట ఇవ్వలేదు. "రాకపోవచ్చురా. రాదనే అనుకుందాం. ఆదివారం గడువు లేకుండా ఏడాది పొడుగునా దొరికే వస్తువైతే, 880 పెట్టి కొంటావా?" అని అడిగాను.

వెంటనే జవాబు చెప్పలేదు. తరువాత తల వంచుకుని, "క్లాసులో నలుగురు తీసుకున్నారు మామయ్యా. మామూలు డ్రెస్సుతో వస్తే నూబ్ అంటారు. టీములోకి పిలవరు" అన్నాడు.

అసలు మాట అదీ. ఇదంతా పిల్లతనం అని కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. ఆరో తరగతిలో క్రిస్మస్‌కు కొత్త చొక్కా లేక పాటల బృందంలో వెనుక వరుసలో నిలబడ్డవాడిని నేను. పొడుగ్గా ఉన్నావు గనుక వెనుక నిలబెట్టారని మా అమ్మ సర్దిచెప్పింది. నేను పొడుగూ కాదు. ఆ రోజు ఎవరైనా 'ఆదివారం లోపు 880' అని ఉంటే, మా నాన్న జేబు వెదికేవాడినేమో. వీడు వెదకలేదు. తన కష్టార్జితం పట్టుకుని అడగడానికి వచ్చాడు. తలిదండ్రులారా, ఇలా అడగడానికి వచ్చిన బిడ్డను మొదటి మాటకే కసిరితే రెండోసారి అడగడు.

అందుకే వద్దు అనలేదు. ఏది కొనాలో చూద్దాం అన్నాను. ఆ వారం వాడి కళ్లు పడ్డవి మూడు. చక్రంలోని దుస్తులు ఒకటి. ఒక తుపాకీ రంగు రెండవది. ఈ ఆటలో తుపాకీ రంగులు కొన్నింటికి బలం కూడా కాస్త పెరుగుతుందట. డబ్బు పెట్టినవాడి తుపాకీ గట్టిగా పేలడం నాకు నచ్చలేదు, అది నా అభిప్రాయం. "ఆ తుపాకీ నువ్వెంత వాడతావు?" అంటే, "దొరికితే వాడతాను, అన్ని ఆటల్లో దొరకదు" అన్నాడు. మూడవది గ్లూ వాల్. శత్రువు కాలుస్తుంటే అడ్డంగా వేసుకునే మంచు గోడ. దాని మీద బొమ్మ మార్చుకోవచ్చు. "ఇది?" అంటే, "ఇది లేకుండా ఒక్క ఆట కూడా ఉండదు మామయ్యా. పది సార్లు వేస్తాను. అందరికీ కనబడుతుంది" అని ముఖం వెలిగించుకుని చెప్పాడు. దానికి చక్రం లేదు. దుకాణంలో నేరుగా ధర వేసి ఉంది, 310 పొట్లంతో సరిపోతుంది.

నేనేమీ చెప్పలేదు. క్యాలెండరు కాగితం మీద వాడే మూడు గీతలు గీసి, ప్రతిదాని ఎదుట రూపాయలు వ్రాశాడు. డైమండ్లలో వ్రాయవద్దని మాత్రం నేనన్నాను. డైమండ్లలో చూసినప్పుడు చేతిలోని మిరపకాయల మంట గుర్తుకు రాదు.

ఇంకొకటి కూడా చెప్పాను, వాడికి తెలిసినదే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను మన ప్రభుత్వం నిషేధించింది. 2021 జూలైలో వేరే పేరుతో వచ్చినప్పుడు పాత వస్తువులను కొంతకాలం మార్చుకోనిచ్చారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, మ్యాక్స్ మిగిలింది. ఆ సంవత్సరం జూలైలో బీజీఎంఐ ఫోను దుకాణాల నుండి మాయమై, 2023 మేలో గాని తిరిగి రాలేదు. ఆ మధ్య నెలలలో కొత్త ఫోనులో ఆ దుకాణాల నుండి దానిని దించుకోవడానికి దారి లేకపోయింది. మనం కొనేది ట్రంకు పెట్టెలో దాచుకునే చొక్కా కాదు. ఆ ఆట ఉన్నంత కాలం, ఆ ఖాతా ఉన్నంత కాలం తొడుక్కోవడానికి అనుమతి, అంతే. తరువాత తమ్ముడికి ఇవ్వడానికి ఉండదు. అందుకే ఎప్పుడో పనికివస్తుందని దాచే వస్తువు కంటె, ఈ నెలలో రోజూ వాడే వస్తువే మేలని నా లెక్క.

తలిదండ్రులకు రెండు పనులు. ఫోనులో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ గాని వేలిముద్ర గాని అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ మీ దగ్గరే ఉండనివ్వండి. పిల్లవాడు పొరపాటున కొన్నా, 48 గంటలలోపు గూగుల్‌కు డబ్బు తిరిగి ఇమ్మని కోరవచ్చు. ఇస్తారన్న హామీ లేదు గాని, ఆలస్యమైతే ఆ అవకాశమూ తగ్గుతుంది. అమెరికాలో 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ కంపెనీ, కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి 24.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. పిల్లలు తలిదండ్రుల అనుమతి లేకుండా కొన్నవి, ఒక్క మీట పొరపాటున నొక్కితే కొనుగోలైపోయినవి అందులో ఉన్నాయి. కాబట్టి ఇది మన పల్లె పిల్లల బుద్ధిలేనితనం మాత్రమే కాదు. సగం ధరకు డైమండ్లు ఇస్తానంటూ ఖాతా వివరాలు అడిగేవారు కూడా ఉంటారు. వారికి పిల్లలు ఏమీ చెప్పకుండా చూడండి.

శనివారం పొద్దున మా చెల్లెలి ఫోనులో 250 రూపాయలు పోయాయి. గ్లూ వాల్ వచ్చింది. మిగిలిన 650 ఆమె దగ్గరే ఉంచమన్నాడు. ఆదివారం ఆరాధన తరువాత నా పక్కన కూర్చుని భోజనం చేస్తూ రెండుసార్లు ఫోను తీసి గడియారం చూసుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. రాత్రి పడుకునేటప్పుడు కూడా చూశాడని వాళ్ల అమ్మ చెప్పింది.

సోమవారం కాలేజీకి వెళుతూ ఫోను చేశాడు. "మామయ్యా, అది పోయింది" అన్నాడు. ఏమనాలో తోచక నేను ఊరుకున్నాను. "కొత్త చక్రం వచ్చింది. ఇది పది రోజులుంటుందట. మళ్లీ రాదట" అని తనే నవ్వాడు. బస్సు వచ్చిందని పెట్టేశాడు.