కారు కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి

ఎప్పుడూ ఆవకాయ జాడీల గురించీ, ఇడ్లీ పిండి పులుపు గురించీ రాసే నేను ఈ వారం కారు సంగతి ఎత్తుకున్నానంటే మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. మా వారూ నవ్వారు. "ఇంటర్‌తో ఆగిపోయినదానివి, నీకు ఇంజన్ గురించి ఏం తెలుసే?" అన్నారు. నిజమే, ఇంజన్ గురించి నాకేమీ తెలియదు. కానీ బియ్యం బస్తా కొనేటప్పుడు పైన కనిపించే గింజలు చూసి మోసపోకూడదనీ, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి పిడికెడు తీసి వాసన చూడాలనీ తెలుసు. మా ఇంట్లో మొదటి కారు కొన్నప్పుడు పనికొచ్చింది ఆ తెలివే.

మేముండేది ఆరాంఘర్‌లో. 2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మొదలైంది, ఆ మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఊళ్ళో ఉన్న పెద్ద కార్లన్నీ ఆ వంతెన దిగి మా ముందునుంచే విమానం పట్టుకోవడానికి పోతాయి. మా అబ్బాయి అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లాడు. సాయంత్రం పాలప్యాకెట్టుకు పంపిస్తే అరగంటకు గానీ వచ్చేవాడు కాదు, రోడ్డు పక్కన నిలబడి కార్లు లెక్కపెట్టుకునేవాడు. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ అని ఒకటుంది, దాని బొమ్మ చదువుకునే బల్ల మీద అంటించుకున్నాడు. 2004లో మన దేశానికి మొదటిసారి వచ్చిందట. 2017లో 230 హార్స్‌పవర్‌తో మళ్ళీ వచ్చిందట. 2020లో 245 హార్స్‌పవర్‌తో 200 కార్లే అమ్మారట. 2025 అక్టోబర్‌లో వంద తెప్పిస్తే ఒక్కొక్కటి దాదాపు 50 లక్షలు! ఈ లెక్కలన్నీ నాకు వాడు అన్నం తింటూ చెప్పినవే.

ఇప్పుడు వాడికి పాతికేళ్ళు. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం, వారం మార్చి వారం నైట్ డ్యూటీ. రాత్రిపూట గగన్‌పహాడ్ మీదుగా లారీల మధ్య వాడు స్కూటీ మీద పోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. కారు కొందామని ముందు అన్నది నేనే. నెలకు 10 వేల చొప్పున నేను కట్టిన చీటీ 5 లక్షలు చేతికొచ్చింది. మేడ మీద ఒక గది వేద్దామని దాచిన డబ్బది. పిల్ల బీటెక్ రెండో ఏడులో ఉంది, దానికి చదువుకోవడానికి ఒక గది కావాలి. వాడి దగ్గర లక్షన్నర ఉంది. మొత్తం ఆరున్నర. నా మనసులో ఉన్నది ఒక చిన్న కారు. వాడు మాత్రం ఫోన్ తెచ్చి యూరప్ కంపెనీ సెడాన్ చూపించాడు. "అమ్మా, కొత్తది పాతిక లక్షల కారు. పదేళ్ళయింది కాబట్టి ఐదున్నరకే వస్తోంది. ఒక్కసారి చూడవే" అన్నాడు.

పాతిక లక్షలది ఐదున్నరకు వస్తోందంటే నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. పెద్ద దుకాణంలో పట్టుచీర పావు ధరకు ఇస్తానంటే మనం ముందు మడత విప్పి చూస్తాం కదండీ!

కాటేదాన్ వైపు ఒక మెకానిక్ భాయ్ ఉన్నాడు, మా వారి స్కూటర్ చూసేవాడి తమ్ముడు. ఆయన్ని అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు. "అమ్మా, కారు ధర తగ్గింది గానీ సామాను ధర తగ్గలేదు." అంటే ఐదు లక్షలు పెట్టి కొన్నా దానికి పగిలే హెడ్‌లైటు, అరిగే క్లచ్చు పాతిక లక్షల కారువే. ఈ మాట నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. అమ్మేవాళ్ళు ఎలాగూ చెప్పరు.

మొదటి కారు హైవే పక్కన పాతకార్లు అమ్మే చోట చూశాం. (ఆ దుకాణం పేరు, ఆ కారు కంపెనీ పేరు రాయను. ఒక బండి సంగతి అన్ని బండ్లకూ అంటుకోకూడదు.) తెల్లటి కారు, అద్దంలా తుడిచి పెట్టారు. తోలు సీట్లు, పైన అద్దం కిటికీ. మా వాడి కళ్ళు చూడాల్సింది! నేను తలుపు తీసి కూర్చున్నాను. గుప్పుమని సెంటు వాసన. అంత సెంటు దేనికి కొట్టారా అనిపించింది. వాసన వచ్చే చోటే కదా మనం అగరొత్తి వెలిగించేది!

కాళ్ళ కింద మ్యాట్ తీశాను, దాని కింద కార్పెట్ మూల పట్టుకుని ఎత్తాను. కింద దూది పరుపులాంటిది ఉంటుంది, దాన్ని నొక్కితే చల్లగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సరిగా ఆరని బట్టల మూటలోంచి వచ్చే వాసనే. ఇక మొహమాటం వదిలేసి సీటు ముందుకు జరపమన్నాను, సీటు బిగించిన బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. సీటు బెల్టు చివరిదాకా లాగాను. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మీద మట్టి రంగు గీత! డిక్కీలో స్టెప్నీ టైరు తీయించి చూస్తే ఆ గుంటలో ఎండిన సన్నటి బురద. చీరకు అంచు ఉన్నట్టు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో అక్కడ గీత ఉంది.

"వర్షాకాలం తేమ మేడమ్, అన్ని కార్లకూ ఉంటుంది" అన్నాడు అమ్మేవాడు. ఆ మాట ఇంకెక్కడైనా చెల్లేదేమో, మా దగ్గర చెల్లదు. 2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగి హైవే మీద కార్లు కొట్టుకుపోయాయి, మనుషులూ పోయారు. ఆ వారమంతా మా చుట్టుపక్కల కాలనీల్లో కార్లు బురదలో ఉండటం కళ్ళారా చూసినదాన్ని. ఆ కారు ఆ రోజు మునిగినదేనని నేను అనను, ఎక్కడ మునిగిందో దానికే తెలియాలి. నీళ్ళలో మునిగిన కారు తుడిస్తే మెరుస్తుంది, స్టార్టూ అవుతుంది. కానీ ఇలాంటి కార్లలో సీట్ల కిందా కార్పెట్ కిందా వైర్లు, కంప్యూటర్ డబ్బాలు ఉంటాయి. అవి లోపల్లోపల పాచి పట్టి ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కొక్కటే చచ్చిపోతాయని భాయ్ చెప్పాడు.

కొనలేదు. మా అబ్బాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బెండకాయ వేపుడు చేసినా పలకలేదు!

రెండోది అత్తాపూర్‌లో ఒక రిటైరైన పెద్దాయనది. అదీ యూరప్ సెడానే, పెట్రోలుది. ఆయనే మొదటి ఓనరు. లోపలికి వెళ్ళగానే ఒక ఫైలు తెచ్చి టీపాయ్ మీద పెట్టారు. తొమ్మిదేళ్ళ సర్వీసు బిల్లులన్నీ తారీఖుల వరసలో ఉన్నాయి. ప్రతి బిల్లు మీదా అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పారేమో పట్టుకోవాలంటే ఇంతకన్నా తేలిక మార్గం లేదు. బిల్లు మీద 70 వేలు ఉండి మీటర్లో 50 వేలు ఉంటే ఇక కాఫీ తాగకుండానే లేచి రావచ్చు. ఈయన లెక్క సరిపోయింది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడమని మా వాడు చూపించాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3521 అని ఉంటే 2021లో 35వ వారంలో తయారైందన్నమాట.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూపించమని భాయ్ ముందే ఫోన్లో చెప్పాడు. ముందే వేడి చేసి పెట్టిన కారైతే దాని రోగం బయటపడదట. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. ఇక గేర్ల సంగతి. ఈ కార్లలో చాలావాటికి రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుపెట్టె ఉంటుంది. ఒక క్లచ్చు 1, 3, 5 గేర్లకు, ఇంకొకటి 2, 4, 6కు. ఒకావిడ పూరీ ఒత్తుతుంటే ఇంకొకావిడ నూనెలో వేసినట్టు, ఒక గేరు నడుస్తుండగానే తర్వాతది సిద్ధంగా ఉంటుంది. అందుకే అంత చురుగ్గా పరుగెత్తుతాయి. కానీ మన ఆరాంఘర్ చౌరస్తాలాంటి చోట అడుగడుగునా ఆగి కదిలితే ఆ క్లచ్చులు వేడెక్కి అరుగుతాయి. భాయ్ కారును ఒక ఎత్తు మీద రివర్సులో ఎక్కించాడు, నత్తలాగా నడిపించాడు, కంప్యూటరు పెట్టి చూశాడు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంది. "ఇవాళ పోదు, కానీ పోతుంది. లక్షదాకా పక్కన పెట్టుకోండి" అన్నాడు. పెద్దాయన ముందే అన్నాడు, దాచలేదు. ఆ కుదుపు చెప్పి 5 లక్షల 40 వేలు అడిగినదాన్ని 4 లక్షల 90 వేలకు దింపాం.

ఇక కాగితాలు. ఇది మన పని కాదని మగవాళ్ళకు వదిలేయకండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, బ్యాంకు అప్పు ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా అన్నీ కనిపిస్తాయి. చలానాలు వేరే చూసుకోవాలి. అప్పు తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే ఫారం 35, బ్యాంకు కాగితం కావాలి. పేరు మార్చడానికి ఫారం 29, 30. ఢిల్లీ బండి చవకగా వస్తోందని ఎవరైనా అంటే, అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్ల మీద 2018లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించిందని, అప్పట్నుంచి అలాంటివి ఇటు ఎక్కువ వస్తున్నాయని గుర్తుంచుకోండి. వాటికి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు కట్టాలి. ఆ ఖర్చు ధరలో చెప్పరు.

పేరు మారేదాకా ఆఖరి పాతిక వేలు ఇవ్వనని నేను గట్టిగా కూర్చున్నాను. పెద్దాయన నొచ్చుకోలేదు, "మంచి పని చేస్తున్నావమ్మా, నాకూ మంచిదే" అన్నారు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్ళదేనని అదే 2018లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి. పాత ఓనరుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, కారుతో రాదు. ఇంజన్ 1500 సీసీ దాటితే థర్డ్ పార్టీ ప్రీమియమే ఎక్కువ. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి నుంచి 1500 సీసీ దాకా 3,416 రూపాయలైతే, ఆపైన 7,897, పన్ను కాకుండా. ఇంకో సంగతి. మామూలు పాలసీలో నీళ్ళు పోయి ఇంజన్ చెడితే డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. మా ఏరియాలో అది తీసుకోకుండా ఉండటం గొడుగు లేకుండా ముసురులో బయల్దేరడమే.

మా పద్దు ఇలా తేలింది. కారు 4 లక్షల 90 వేలు, ఇన్సూరెన్సు 22 వేలు, ఆయిలు, బ్యాటరీ, చిన్న రిపేర్లు 30 వేలు, పేరు మార్పిడి ఖర్చులు 8 వేలు. వెరసి ఐదున్నర. మిగిలిన లక్ష నా పేరు మీద బ్యాంకులో వేశాను. మా వాడు కొత్త చక్రాలు వేయిస్తానని రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు. ఇలా ఒక లక్ష పక్కన పెట్టి మర్చిపోగలిగితేనే ఈ కార్ల జోలికి వెళ్ళండి. లేకపోతే చిన్న కారు, మన వీధి మెకానిక్ చేయగలిగినది కొనుక్కోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏడో నెలలో పోయింది. పిల్లను కాలేజీ నుంచి తీసుకొస్తూ, జూపార్కు నుంచి ఆరాంఘర్‌కు 2025 జనవరిలో తెరిచిన కొత్త ఫ్లైఓవర్ మీద వస్తుండగా గేరు పడటం మానేసింది. మధ్యలో ఆగిపోయారు. వెనకనుంచి హారన్లు, పిల్ల ఫోన్లో ఏడుపు. నాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు. టోయింగ్ బండి వచ్చేసరికి గంటన్నర పట్టింది. క్లచ్చులు మార్చి, అన్నీ కలిపి 78 వేలు అయింది. బ్యాంకుకు వెళ్ళి డబ్బు తీసి ఇస్తుంటే మా వాడు నా మొహం చూడలేకపోయాడు. నేనూ ఏమీ అనలేదు. ఏమని అంటాను, కొనమన్నదీ నేనే కదా.

అప్పటినుంచి బాగానే నడుస్తోంది. కింద మరీ పల్లంగా ఉంటుంది, మా గల్లీ మొదట్లో స్పీడ్ బ్రేకరు మీద ఎంత మెల్లగా వచ్చినా గర్రుమని రాసుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి ఆ చప్పుడు వినిపిస్తే వాడు వచ్చాడని తెలుస్తుంది, నేను ఇటు తిరిగి పడుకుంటాను. మిగిలిన 22 వేలకు నెలనెలా 3 వేలు కలుపుతున్నాను. వాడూ 2 వేలు ఇస్తున్నాడు, అడక్కుండానే. మేడ మీద గది మాత్రం ఇంకా ఇనుప చువ్వల దగ్గరే ఉంది. పిల్ల ప్రస్తుతానికి వంటింట్లో, నేను గిన్నెలు సర్దుకున్నాక చదువుకుంటోంది.